నౌకాదళంలో వంట చేసినవారు డైటీషియన్ కావచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లా. పదో తరగతి పాసై నౌకాదళంలో మెట్రిక్ రిక్రూట్‌గా, చెఫ్ శాఖలో చేరాను. ఇప్పుడు విశాఖపట్నంలో పెట్టీ ఆఫీసర్‌ను. వయసు 33. వచ్చే ఏడాది చివరికి పదిహేనేళ్ల సర్వీసు పూర్తయి పింఛనుతో బయటికి వస్తాను. మా నాన్నగారికి మధుమేహం వల్ల కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్ జరిగిన రోజుల్లో నేను సెలవు మీద వచ్చి, డైటీషియన్ గారు రాసిచ్చిన కాగితం చూసి వంట చేసేవాణ్ణి. అప్పటినుంచి ఆ చదువు చదవాలని ఉంది. ఒక సంస్థవారు ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమా చేస్తే ‘క్లినికల్ డైటీషియన్’ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, ఫీజు నలభై ఐదు వేలు. పదిహేనేళ్ల సర్వీసుకు ఇచ్చే డిగ్రీ సమాన సర్టిఫికెట్‌తో నేరుగా ఎంఎస్సీలో చేరవచ్చని మా సీనియర్ ఒకరు అన్నారు. ఇగ్నోలో దూరవిద్యగా చేయవచ్చని ఇంకొకరు అన్నారు. అమెరికాలో మాజీ సైనికులను ప్రభుత్వమే చదివిస్తుందని వీడియోలో చూశాను. మనకూ అలాంటిది ఉందా? నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇద్దరు పిల్లలు. ‘గరిటె పట్టిన చేత్తో స్టెతస్కోపు పడతావా’ అని మా బావగారు నవ్వుతున్నారు. నన్ను ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ నలభై ఐదు వేలు కట్టకండి. కట్టేసి ఉంటే వాపసు అడగండి. మిగతా సంగతులు తర్వాత.

2021లో పార్లమెంటు ఆరోగ్య సంరక్షణ వృత్తులన్నిటికీ కలిపి ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ నిపుణులతో పాటు డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా దాని పరిధిలోకి వచ్చారు. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని, అది మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో సాగాలని ఆ చట్టం చెబుతోంది. ఆరు నెలల పాటు సెలవు లేకుండా రోజుకు పది గంటలు కూర్చున్నా మీకు అందులో సగమే దక్కుతుంది. ఆ సంస్థ ఇచ్చే కాగితాన్ని ఫ్రేము కట్టించుకోవచ్చు. ఆసుపత్రిలో డైటీషియన్ ఉద్యోగానికి మాత్రం అది పనికిరాదు.

మీ సీనియర్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పూర్తి అబద్ధమైతే మీరే పట్టుకునేవారు. మెట్రిక్ పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవారిని, డిగ్రీ అడిగే గ్రూప్-సీ కొలువులకు అర్హులుగా చూసే వెసులుబాటు కేంద్ర ప్రభుత్వంలో ఉంది. అది ఉద్యోగ నియామకాల కోసం పెట్టినది. వృత్తిపరమైన, సాంకేతికమైన చదువు తప్పనిసరైన కొలువులకు అది కూడా వర్తించదు. ఇక విశ్వవిద్యాలయంవారు ఎంఎస్సీ పోషకాహారంలో చేర్చుకోవాలంటే బీఎస్సీ మార్కుల జాబితా అడుగుతారు. అందులో రసాయన శాస్త్రం, జీవ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం ఉన్నాయా లేవా అని చూస్తారు. మీ సర్టిఫికెట్‌ను జాగ్రత్తగా దాచుకోండి. దానితో తెరుచుకునే తలుపులు వేరే ఉన్నాయి.

ఇగ్నో సంగతి. డైటెటిక్స్, ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్ పేరుతో వారు నడిపిన ఎంఎస్సీని ఉద్యోగాలు చేసుకుంటూనే పూర్తి చేసినవారు చాలామంది ఉన్నారు. మీకు చెప్పినాయన కూడా ఆ రోజులను దృష్టిలో పెట్టుకునే చెప్పి ఉంటారు. కానీ 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి ఆరోగ్య సంరక్షణ కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ ఆ జాబితాలో పేరుపేరునా ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా ‘దూరవిద్యలో సీటు ఇప్పిస్తాం’ అంటే ఆ డిగ్రీకి గుర్తింపు ఉండదు. ఓడ మీద ఉండేవారికి ఇది పెద్ద దెబ్బే, కాదనను. అయినా ఈ ఆదేశం సరైనదే అంటాను. రోగి పడక పక్కన నిలబడకుండా, రక్తపరీక్ష రిపోర్టు చూసి ఆహారం మార్చడం నేర్చుకోకుండా డైటీషియన్ అయినవారితో రోగికే ముప్పు.

అమెరికా వీడియోలో చూసింది నిజమే. అక్కడ 2001 సెప్టెంబరు 11 తర్వాత మూడేళ్ల క్రియాశీల సర్వీసు పూర్తి చేసినవారికి 36 నెలల చదువు ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే స్థానిక విద్యార్థి ఫీజు మొత్తం కడుతుంది, ఇంటి అద్దెకూ పుస్తకాలకూ కొంత ఇస్తుంది. మన దేశంలో మాజీ సైనికుడి సొంత డిగ్రీ చదువుకు అంత పెద్ద పథకం లేదు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మాట మీరు వినే ఉంటారు. నెలకు అమ్మాయిలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు ఇచ్చే ఆ పథకం మాజీ సైనికుల పిల్లలకు, వారి వితంతువులకు. రేపు మీ పిల్లలు వృత్తి విద్యలో చేరినప్పుడు గుర్తుపెట్టుకోండి. మీ కోసం ఉన్నది రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్, అంటే డీజీఆర్, రిలీజ్‌కు ముందు ఇప్పించే శిక్షణ. అందులో హోటల్, ఆసుపత్రి నిర్వహణకు సంబంధించిన పొట్టి కోర్సులు దొరుకుతాయి. వాటిని వదులుకోకండి, డిగ్రీకి బదులనీ అనుకోకండి.

ఇన్ని తలుపులు మూసేశాను కాబట్టి ఇక తెరిచి ఉన్నదాని గురించి చెప్పాలి. అంతకంటే ముందు, మీ బావగారి మాటకు జవాబుగా మీకు ఒక పాత సంగతి చెబుతాను.

1883లో జపాన్ నౌకాదళ శిక్షణ నౌక ర్యూజో సుదీర్ఘ యాత్ర చేసి వచ్చింది. అందులో ఉన్న 376 మందిలో 169 మందికి బెరిబెరి, అంటే నరాలనూ గుండెనూ దెబ్బతీసే జబ్బు, వచ్చింది, 25 మంది చనిపోయారు. ఆ నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో నావికుల తిండిని అనుమానించాడు. వారి భోజనంలో అధికభాగం బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యమే. మరుసటి ఏడాది త్సుకుబా అనే నౌకను అదే దారిలో పంపించి, రేషన్ మాత్రం మార్పించాడు. మాంసం, పాలు, రొట్టె, బార్లీ పెంచాడు. ఈసారి బెరిబెరి దాదాపు కనిపించలేదు. మాంసకృత్తుల లోపం వల్లే ఈ జబ్బు వస్తోందని తకాకి అనుకున్నాడు. అది తప్పు. లోపించింది బీ1 విటమిన్ అని తర్వాత తేలింది, ఆనాటికి విటమిన్ అన్న ఊహే ఇంకా పుట్టలేదు. తిండి మార్చి జబ్బును ఆపగలిగాడు గానీ ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేకపోయాడు.

అదే బెరిబెరి మన కోస్తా జిల్లాల్లోనూ తిష్ఠ వేసింది. ఉత్తర సర్కారుల్లో మరబియ్యం తిని, కడుగు నీళ్లతో పాటు గంజి కూడా వార్చి పారబోసే ఇళ్లలో ఆ జబ్బు కనిపించేది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల అంతగా లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బీ1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి. ఈ జబ్బు మీద పరిశోధనకే 1918లో నీలగిరి కూనూరులో ఒక చిన్న విభాగం మొదలైంది. మొదలుపెట్టినది రాబర్ట్ మెక్‌కారిసన్, ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్, అదే. ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో నౌకల మీద, సైనిక శిబిరాల్లో పనిచేసినవారు ఇంతమంది ఉంటే, గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, నిలబడ్డ మనిషి దాన్ని చదవడంలో నవ్వడానికి ఏముందో మీ బావగారినే అడగండి. పైగా డైటీషియన్‌కు స్టెతస్కోపుతో పనే లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి కాగితం దగ్గరకు వద్దాం. అందులో ఆకుకూరలు, దుంపలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమని ఉండి ఉంటుంది. మామూలు ఇంటికి మేము చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉడికించిన నీళ్లు పారబోయవద్దు, విటమిన్లు పోతాయంటాం. కిడ్నీలు పనిచేయనివారికి ఆ నీళ్లతో పాటు పొటాషియం పోవడమే కావాలి. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్లు, అరటిపండు మనకు చలువ, వారికి ప్రమాదం. పప్పు సంగతి ఇంకా చిక్కు. డయాలిసిస్ మొదలుకాకముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. మీరు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశారు, అది మంచిదే. అయితే ఆ రోజు రక్తపరీక్షలో అంకె మారితే కాగితం ఎలా మారాలి? అది జీవరసాయన శాస్త్రం చెబుతుంది. దానికి అడ్డదారి లేదు. వంటలో ఎంత అనుభవం ఉన్నా ఏ విశ్వవిద్యాలయమూ దాన్ని ఆ పేపరుకు బదులుగా లెక్కించదు, లెక్కించకూడదు కూడా.

అలాగని మీ పదిహేనేళ్లు వృథా కావు. చట్టంలోని జాబితాలో క్లినికల్ డైటీషియన్ పక్కనే ఫుడ్ సర్వీస్ డైటీషియన్ అని ఇంకో పేరు ఉంది. చాలామంది విద్యార్థులు దాని వంక చూడరు. ఎయిర్ కండిషన్ గదిలో కూర్చుని చార్టు రాసే ఉద్యోగమే అందరికీ కావాలి. ఆసుపత్రిలో రోగి కోలుకునేది చార్టు వల్ల కాదు, పళ్లెంలోకి వచ్చినదాని వల్ల. ఒకే పూటకు ఉప్పు తగ్గించిన భోజనం, మెత్తటి భోజనం, ద్రవాహారం, ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఫీడ్, చక్కెర రోగికి వేరే పళ్లెం, కిడ్నీ రోగికి ఇంకొకటి, అన్నీ వేడి తగ్గకుండా సరైన పడకకు చేరాలి. ఒక్క ట్రే తారుమారైనా ముప్పే. ఎంఎస్సీలో మంచి మార్కులు తెచ్చుకుని వచ్చిన పిల్లలు ఆసుపత్రి వంటగదిలో బిక్కమొహం వేసుకుని నిలబడటం నేను చూశాను. నూట యాభై మందికి సాంబారు చేస్తే ఎంత ఉప్పు పడుతుందో వారికి తెలియదు. వంటవారితో ఎలా మాట్లాడాలో అసలే తెలియదు. స్టోరు, ఇండెంటు, రేషన్ స్కేలు, ఊగే ఓడలో వేళకు భోజనం ఇవన్నీ మీకు కొట్టినపిండి. కాబట్టి మీరు పోటీ పడాల్సింది అక్కడ. క్లినిక్ తెరిచి బరువు తగ్గించే వ్యాపారంలోకి దిగవద్దని నా సలహా. ఆ సంత ఇప్పటికే కిక్కిరిసి ఉంది, అక్కడ చదువుకన్నా ఫొటోలకే గిరాకీ.

మీరు చదివి బయటికి వచ్చాక మీ కోసం ఎదురుచూసే మరో వర్గం కూడా ఉంది. ఎన్‌ఐఎన్ 2020 సిఫారసుల ప్రకారం 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనైతే రోజుకు 2,110 కిలోక్యాలరీలు, కఠిన శ్రమ అయితే 3,470. సర్వీసులో రెండో లెక్కన తినడానికి అలవాటు పడ్డ మనిషి, రిలీజయ్యాక సెక్యూరిటీ ఉద్యోగంలో కుర్చీకి అతుక్కుని అదే పళ్లెం కొనసాగిస్తాడు. మాజీ సైనికుల్లో బొజ్జ, బీపీ, చక్కెర ఎక్కడ మొదలవుతాయో మీరు నాకన్నా దగ్గరగా చూసి ఉంటారు. వారితో వారి భాషలో మాట్లాడగల డైటీషియన్లు అరుదు.

ఇక దారి. మీకు ఇంటర్ లేదు. అక్కడినుంచే మొదలుపెట్టాలి, అదీ ఇప్పుడే, యూనిఫాంలో ఉండగానే. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, ఎన్‌ఐఓఎస్‌లో సీనియర్ సెకండరీకి నమోదు చేసుకోండి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు పరీక్ష రాయడానికి తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఒక పరీక్ష వేళకు మీరు సముద్రం మీద ఉంటే తర్వాతి దాంట్లో రాయవచ్చు. సైన్స్ ప్రాక్టికల్స్‌కు మాత్రం స్వయంగా హాజరు కావాలి. కాబట్టి తీరం మీద పోస్టింగు ఉన్న ఈ సమయాన్ని వాడుకోండి, కమాండింగ్ ఆఫీసర్ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రిలీజ్ తర్వాత రెగ్యులర్ బీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ డిగ్రీ సీట్లు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారానే నింపుతారు. ఇక్కడ మీకు ఎవరూ చెప్పని చిక్కు ఒకటి ఉంది. ఈ చదువు మన దగ్గర హోమ్ సైన్స్ కడుపున పుట్టింది. అందుకే పేరున్న చోట్లలో చాలా భాగం మహిళలకే. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అలాంటిదే. మగవారికి సీటు ఉందా అన్నది మొదట అడగండి. ఆ తర్వాత కొత్త కమిషన్ పాఠ్యప్రణాళిక ప్రకారం కోర్సు నడుపుతున్నారా, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు నీళ్లు నమిలే కాలేజీని వదిలేయండి. పోషకాహారం పేరుతోనే సీటు దొరక్కపోతే రసాయన శాస్త్రం, జీవరసాయన శాస్త్రం ఉన్న బీఎస్సీ చేసినా నష్టం లేదు. తార్నాక ఎన్‌ఐఎన్‌లో ఎంఎస్సీ అప్లయిడ్ న్యూట్రిషన్ ఉంది, ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు, స్త్రీ పురుష భేదం లేదు. అయితే ఆసుపత్రిలో పనిచేయాలన్నది మీ లక్ష్యం గనుక పీజీ స్థాయిలోనైనా డైటెటిక్స్, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ తప్పకుండా ఉండాలి. ఆ పైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష.

లెక్క వేసుకుంటే పూర్తయ్యేసరికి మీకు నలభై దాటుతుంది. ఆసుపత్రుల్లో కొత్త డైటీషియన్లకు జీతాలు గొప్పగా ఉండవు. మీ చేతిలో ఉన్నదీ, ఇరవై ఏళ్ల పిల్లల చేతిలో లేనిదీ పింఛను. ఆ పింఛను, మీ భార్య జీతం కలిపి ఐదారేళ్లు ఇల్లు గడుస్తుందా అన్నది కాగితం మీద రాసుకుని ఆవిడతో కూర్చుని తేల్చుకోండి. ఉత్తరంలో బావగారి అభిప్రాయం రాశారు గానీ ఆవిడ ఏమన్నారో రాయలేదు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు మాత్రం ప్రైవేటు కాలేజీల ఫీజుల్లో పోయకండి. ప్రభుత్వ కాలేజీలో సీటు కోసం ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు. కేంద్రంలో మాజీ సైనికులకు రిజర్వేషన్ గ్రూప్-సీలో పది శాతం, పాత గ్రూప్-డీ కొలువుల్లో ఇరవై శాతం. డైటీషియన్ పోస్టులు చాలాచోట్ల అంతకన్నా పై గ్రూపులో ఉంటాయి. కాబట్టి ఆ కోటా మీద లెక్కలు కట్టుకోవద్దు, నోటిఫికేషన్‌లో ఏ గ్రూపో చూసుకోండి.

ఇల్లు గడవదని తేలితే చదువును బలవంతంగా నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫాస్టాక్ పేరుతో ఇప్పించే శిక్షణ ఒక రోజులో అయిపోతుంది. ఆ సర్టిఫికెట్‌తో పెద్ద ఆసుపత్రి వంటగదిలో సూపర్‌వైజర్‌గా చేరవచ్చు. మీ అనుభవానికి అక్కడ విలువ ఉంటుంది. డైటీషియన్ల పక్కనే పనిచేస్తూ రెండేళ్ల తర్వాత మళ్లీ ఆలోచించుకోవచ్చు. నా మొగ్గు మాత్రం చదువు వైపే. సెలవు పెట్టుకుని వచ్చి తండ్రికి కిడ్నీ వంట చేసిపెట్టిన మనిషి జీవరసాయన శాస్త్రం పుస్తకాన్ని చూసి పారిపోడని నా నమ్మకం.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. డిగ్రీ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంటర్‌ను కూడా ఇంగ్లీషు మాధ్యమంలోనే రాయండి, కష్టమేదో ముందే పడితే తర్వాత తేలిక.

ఎన్‌ఐఓఎస్ దరఖాస్తులో ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. జాబితాలో హోమ్ సైన్స్ కనబడగానే మీకు కావలసింది అదేననిపిస్తుంది. దాన్ని ఐదోదిగా పెట్టుకోండి, ముందు నాలుగూ ఇంగ్లీషు, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవ శాస్త్రం కావాలి. వాటిలో ఒక్కటి తప్పినా బీఎస్సీ కౌన్సెలింగ్‌లో మిమ్మల్ని బైపీసీ అభ్యర్థిగా పరిగణించరు.